దొంగ చేతిలో పడ్డ ప్రోగ్రాం

ఇంజనీరమ్మ అలా భోజనానికి లేచిందో లేదో, మెకానిక్ వేషంలో ఉన్న మనిషి ఇలా ఆమె గదిలో దూరి, కంప్యూటర్లోని ప్రోగ్రాం మొత్తం కాపీ కొట్టేశాడు.

అతను నిజానికి పక్క బట్టల మిల్లు ప్రోగ్రామరు. రెండు మిల్లుల్లోనూ మగ్గాలను నడిపేది తాతల కాలం నాటి కంప్యూటర్లే. వాటికి కొత్త డిజైన్లు అర్థమయ్యేలా చెప్పే ప్రోగ్రాం ఒకటుంది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇప్పుడది ఊరు మొత్తానికీ ఇంజనీరమ్మ దగ్గరే ఉందని, ఎవరికీ చూపించదని అందరూ చెప్పుకునేవారు. ఇతని మిల్లులో ఉన్నది పాడైపోయి మగ్గాలు ఆగిపోయాయి. నెలాఖరులోగా అవి కదలకపోతే ఇంటికి పొమ్మన్నాడు ఓనరు.

కాపీ అయితే దొరికింది గానీ, అది నడిస్తే ఒట్టు. తిట్టుకుంటూ ఒక తప్పు సరిచేశాడు. వెంటనే ఇంకోటి బయటపడింది. అదీ సరిచేస్తే, దాని వెనక మరోటి. అన్నం ముందు కూర్చుని గాల్లో లెక్కలు వేస్తున్న మొగుణ్ని చూసి, దొంగసొత్తుకి ఇంత చాకిరీ చేసే దొంగని ఎక్కడా చూడలేదని భార్య పడీ పడీ నవ్వింది. అతనికీ నవ్వొచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆ పాత ప్రోగ్రాం మీద అతనికి మోజు పుట్టింది.

నెలాఖరు రాకముందే మగ్గాలు కదిలాయి. ఓనరు భుజం తట్టాడు.

మర్నాడే ఇంజనీరమ్మ తిన్నగా అతని గదిలోకి వచ్చి, కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ప్రోగ్రాం మొదటినుంచి చివరిదాకా చదివింది.

"ఈ ఆఖరి తప్పు సరిచేసిందెవరు?"

"నేనేనండీ," అంటూ నీళ్లు నమిలాడు. "దొంగతనం చేశాను, తప్పే. మా ఓనరుకి మాత్రం చెప్పకండమ్మా, ఉద్యోగం పోతుంది."

ఇంజనీరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ హాయిగా నవ్వింది.

"వచ్చే నెల నేను రిటైరవుతున్నా. నా తర్వాత ఈ మగ్గాలకి దిక్కెవరా అని ఒకటే బెంగ. ఉత్తినే నేర్పుతాను రండర్రా అని ఏళ్ల తరబడి బతిమాలినా ఒక్కడూ ఇటు తొంగిచూడలేదు. అందుకే అదేదో పెద్ద రహస్యమని నేనే పుకారు లేపి, తేలిక పాఠం ముందు, కష్టమైనది చివర వచ్చేలా నా కంప్యూటర్లో ఉంచిన కాపీలో ఆ తప్పులన్నీ నేనే పెట్టి, నువ్వొచ్చిన రోజు భోజనానికి కాస్త తొందరగా లేచాను బాబూ."