వీపు మీది పేరు

మెల్నిచుక్‌ను మా ఐస్ హాకీ జట్టు వదిలించుకుందని పొద్దున రేడియోలో చెప్పారు. ఒప్పందం ఇంకా రెండేళ్లుంది. అందులో కొంత డబ్బు చేతిలో పెట్టి, పద్నాలుగేళ్లు ఆడినవాణ్ణి ఇక పొమ్మన్నారు.

పది గంటలకల్లా నా కుట్టుకొట్టు ముందు జనం వరుస కట్టారు. అందరి చేతుల్లోనూ అతని పేరున్న జెర్సీలే. వీపు మీది ఆ పేరు పట్టీ విప్పి, వేరే ఆటగాడిది కుట్టాలట.

"ఏంటి డొరీన్, అలా చూస్తావు? మోకాళ్లు అరిగినవాణ్ణి ఎన్నాళ్లని మోస్తాం?" అన్నాడు ముందున్నతను.

"నిరుడు అతను గోలు కొడితే స్టేడియంలో నన్ను వాటేసుకుని ఏడ్చింది నువ్వు కాదూ?"

అతను తల దించుకున్నాడు. "నేనే. ఆ పేరు చూడలేకే విప్పించుకుంటున్నాను తల్లీ."

ఆ పట్టీలన్నీ ఒకప్పుడు నేను కుట్టినవే. ప్రభువా క్షమించు అనుకుంటూ ఒక్కొక్కటే విప్పి చెత్తబుట్టలో వేశాను.

వరుస చివర ఒక ముసలామె మిగిలింది. ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయి.

"మీ జెర్సీ ఏదమ్మా?"

"తేలేదు. ఆ విప్పిన పట్టీలు నాకిస్తావా?"

"జ్ఞాపకానికా? ఒకటి తీసుకోండి."

"అన్నీ కావాలి బంగారం. వాడు నా కొడుకు. మా ఇంటిపేరును చెత్తలో వదిలేసి ఎలా పోను?"