ప్రార్థన దగ్గర కాస్త చీకటి

ఆదివారంలోపు తన పెళ్లి వీడియోలో కాస్త చీకటి నింపకపోతే, ముప్పయ్యేళ్లుగా దాచుకున్న గుట్టు పంజాగుట్ట ఫంక్షన్ హాల్లో పెద్ద తెర మీదికెక్కుతుందని రూతమ్మకు అర్థమైంది.

ముందురోజు భోజనాల దగ్గర కూతురు ఫేబీ చల్లగా చెప్పింది. "అమ్మా, మీ పెళ్లి క్యాసెట్టు అమీర్‌పేటలో ఇచ్చొచ్చాను. కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. చీకట్లో ఉన్నవి కూడా కనిపిస్తాయంట! ఉంగరాలు కొట్టేసింది బుచ్చిబాబు అంకులో కాదో, ఆదివారం మీ పెళ్లిరోజు ఫంక్షన్లో అందరం కలిసి చూసేద్దాం."

"చూసేదేముంది? వాడే!" అన్నాడు రూతమ్మ భర్త యేసురత్నం, పెరుగన్నం కలుపుతూ. పెళ్లయిననాటి నుంచీ ఆయనది అదే మాట.

పెళ్లినాడు పాస్టరుగారు ప్రార్థన ఎత్తుకోగానే చర్చిలో కరెంటు పోయింది. ప్రార్థన మాత్రం ఆగలేదు. ఆయన ప్రార్థనంటే బిర్యానీ చల్లారాల్సిందే. అందరూ బుద్ధిగా కళ్లు మూసుకున్నారు. ఆమేన్ అని తెరిచేసరికి పళ్లెంలో రెండు ఉంగరాలూ లేవు. పళ్లెం పక్కన నిలబడ్డ పాపానికి తోడుపెళ్లికొడుకు బుచ్చిబాబు దొంగయ్యాడు. పాస్టరుగారు తన ఉంగరమూ, భార్య ఉంగరమూ సబ్బు రాసి మరీ ఊడదీసి పెళ్లి కానిచ్చారు.

రూతమ్మ తీసింది ఒక్కటే, తన వేలికి తొడగాల్సినది. ముక్కూమొహం తెలియని మనిషితో పెళ్లి ఆ పూటకు ఆగితే చాలనుకుని, దాన్ని పూలగుత్తిలోకి తోసేసింది. రెండోది బుచ్చిబాబే తీసుంటాడు, కాబట్టి నిందలో సగం ఎలాగూ అతనిదేనని మనసును జోకొడుతూ వచ్చింది. ఆ ఉంగరం ఇప్పటికీ కుట్టుమిషను సొరుగులో, గుండీల డబ్బాలో ఉంది. పెళ్లయిన నెలకే ఆ ముక్కూ నచ్చింది, మొహమూ నచ్చింది. ఇక ఏ మొహంతో బయటికి తీస్తుంది?

అందరి కళ్లూ మూసుకున్నాయి గానీ, బ్యాటరీ మీద నడిచే కెమెరా కన్ను మూసుకోలేదు. అదీ తంటా.

మర్నాడు యేసురత్నం ఎన్నడూ లేనిది పొద్దున్నే వాకింగంటూ వెళ్లి, ఈల వేసుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నం ఆయన కునుకు తీయగానే, రూతమ్మ కూరల సంచీ పట్టుకుని మధురానగర్ దాటింది.

అమీర్‌పేటలో కోచింగ్ బోర్డుల మధ్య ఇరుక్కున్న వీడియో షాపులో, కుర్రాడు ప్రవీణ్ కంప్యూటర్ ముందున్నాడు. తెరపై ఆమె పెళ్లే!

"రండి ఆంటీ. క్యాసెట్టు మస్తుగుంది. నిన్న కలర్ రేంజి ఫుల్ పెట్టి ఎక్కించిన. చీకట్ల సుత అన్నీ అవుపడ్తున్నయ్."

రూతమ్మ స్టూలు దగ్గరికి లాక్కుంది. "ఫుల్ కాకుండా ఇంకోటేం లేదా బాబూ?"

"లిమిటెడ్ ఉన్నది. గానీ మన మిషిన్‌కు అది పెడితే నలుపంత కాటుక తీర్గ ముద్దయితది. దాన్ని ఎవరూ అడగరు... గీ రోజు దాంక."

"మాకదే పెట్టు. పెళ్లంటే మొహాలు చూస్తారు గానీ, చీకటిని చూసి ఎవరైనా మురుస్తారా?"

"మరి కోడెక్, గదే ఫైలు దాచే పద్ధతి? ఏమీ పోకుండ దాచేది పెట్టిన. ఫైలు జర పెద్దగుంటది."

"బాగా నొక్కేసి చిన్నది చెయ్ నాయనా."

"నొక్కితే చీకటి జాగల గళ్లు గళ్లు పడ్తది ఆంటీ."

"గళ్లంటే నాకెంతిష్టమో! మా ఇంట్లో దుప్పట్లన్నీ గళ్లవే."

ప్రవీణ్ నవ్వు ఆపుకుంటూ ఏవో రెండు నొక్కాడు. తెర మీద ప్రార్థన వచ్చింది. పళ్లెం లేదు, చేతులు లేవు. బొగ్గు బస్తాలోంచి పాస్టరుగారి గొంతు వినిపిస్తున్నట్టుంది. రూతమ్మ మనసులోనే స్తోత్రం చెప్పుకుంది.

"నిన్న ఎక్కించింది చెరిపెయ్. క్యాసెట్టు ఇటివ్వు, నేనే పట్టుకెళ్తాను" అంటూ సంచీ తెరిచింది.

"గిదో, ఇప్పుడే చెరిపేసిన. క్యాసెట్టు పొద్దుగాల్నే యేసురత్నం అంకుల్ తీస్కపోయిన్రు. గీ లిమిటెడ్, గీ గళ్లు ఆయన సుత గిట్లనే అడిగిన్రు."

రూతమ్మ చేతిలో సంచీ జారింది.

"ఫికర్ చెయ్యకుర్రి ఆంటీ," అన్నాడు ప్రవీణ్, గొంతు తగ్గించి. "మొదటి ఉంగరం తీసిన మీ చెయ్యి అవుపడది, రెండోది తీసిన అంకుల్ చెయ్యి సుత అవుపడది."