గుండు ఫొటో

"ఇందులో వార్తేదీ? ఇది కళ" అన్నాడు దోహా పత్రిక ఎడిటర్. ఆర్ట్ ఎగ్జిబిషన్‌వాళ్ళేమో "ఇది వార్త, కళ కాదు" అన్నారు.

మెసయీద్ రిఫైనరీలో చిమ్నీ మంట వెనక వెలుగుతుంటే, ముందు గుండుతో తల వంచుకున్న కూలీ జలంధర్ నల్లటి నీడలా కనిపించేలా నేను తీసిన ఫొటో అది. రెండు నెలలు దాన్ని పట్టుకుని తిరిగాను. ఒళ్ళు మండి, చివరికి కూలీల క్యాంపుకెళ్ళి, అప్పుడే డ్యూటీ దిగొచ్చిన అతనికే ఇచ్చేశాను.

అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మొఖమేది అన్నా? అమ్మ సచ్చిపోతే కంపెనీ పోనియ్యలే. ఈడనే గుండు గీయించుకున్న. ఫొటో ఇంటికి పంపుదామనుకున్న. ఇది నేనేనని మావోళ్ళెట్ల నమ్ముతరు?"

"కూర్చో. రీలుంది, మళ్ళీ తీస్తాను" అన్నాను.

జలంధర్ హెల్మెట్ తీశాడు. తలనిండా నల్లగా జుట్టు మొలిచింది.