పారిపోయిన పోలీసు

మా టోలెడో ఊరి టీవీ స్టేషన్‌లో శనివారం అర్ధరాత్రి పాత నలుపు-తెలుపు భూతం సినిమా, రెండో భాగం వేశారు. ప్రకటనలకు చోటు చేయడానికి అందులో ఎనిమిది నిమిషాలు కత్తిరించే పని నాదే.

నన్నొదిలేసిన మొగుడు మెర్ల్ అందులో పోలీసు వేషం కట్టాడు. సినిమాలో భూతాన్ని చూసి పెళ్లాన్నొదిలి పరిగెడతాడు. కాసేపటికి సిగ్గుపడి తిరిగొచ్చి ఆమెను కాపాడతాడు.

తన ఘనత చూడమని కొత్త పెళ్లాన్నీ, వీధిలోవాళ్లందరినీ టీవీ ముందు కూర్చోబెట్టాడట.

సినిమా అయిపోగానే మా టీవీ స్టేషన్‌లో ఫోన్ మోగింది.

"లోర్నా! నేను పారిపోవడం ఉంచి, తిరిగొచ్చే ముక్క కత్తిరించేశావేంటే? ఇక్కడ అందరూ పగలబడి నవ్వుతున్నారు!"

"పదేళ్లు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని గుమ్మం వైపే చూశాను మెర్ల్. నువ్వెప్పుడు తిరిగొచ్చావు?"