బుల్లెమ్మ దగ్గు

తెల్లవారుజామున మళ్ళీ వినిపించింది. రెండు చిన్న దగ్గులు, కాస్త ఆగి ఒక పెద్దది.

కెప్టెన్ గారు దుప్పటి విసిరేసి లేచి కూర్చున్నారు. ఆయన ఏ సైన్యంలోనూ పనిచేయలేదు. గుర్రపుస్వారీ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఆ మీసాలు చూసి పెట్టిన పేరది.

"విన్నావా? బుల్లెమ్మకి ఇంకా తగ్గలేదు," అన్నారు ఇంటావిడతో.

"పోయిన నెల నేను పది రోజులు దగ్గాను. ఒక్క పూటైనా ఇలా లేచి కూర్చున్నారా?" అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

బుల్లెమ్మ గోధుమరంగు ఆడగుర్రం. ఆయన చేతుల మీదే పుట్టింది. పిల్లలు మొట్టమొదట ఎక్కేది దాన్నే. వీపు మీద పసివాడున్నాడని తెలిస్తే చాలు, అడుగు కూడా చూసుకుని వేస్తుంది. దానికేమన్నా అయితే స్వారీ బడి మూతపడుతుందన్నది తర్వాతి మాట, ముందు కెప్టెన్ గారి ప్రాణమే పోతుంది.

అందుకే చలి మొదలవగానే మేడ కిందున్న గుర్రపుశాల కిటికీలు నాలుగింటికీ గోనెపట్టాలు కొట్టించారు. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కించారు.

"గాలాడటానికి ఒక్క కిటికీ వదిలేద్దామయ్యా," అని దాణా మామ గొణిగాడు. దాణా మామంటే పదకొండేళ్ళుగా గుర్రాన్ని చూసుకుంటున్న మనిషి. పగలు దాని వెంటే తిరుగుడు, రాత్రి దాని పక్కనే నేలమీద గడ్డి పరుచుకుని పడక.

"రెండు స్వెట్టర్లు వేసుకుని నేనే వణుకుతున్నాను. అది ఏం కట్టుకుందని?" అని కెప్టెన్ గారు కసిరారు. దాణా మామ సుత్తి అందుకున్నాడు.

పదిహేను రోజులు తిరక్కుండానే దగ్గు మొదలైంది.

ఆయన గబగబా మెట్లు దిగి వెళ్ళేసరికి ఎప్పుడూ ఆగిపోయి ఉండేది. బుల్లెమ్మ తాపీగా గడ్డి నములుతుండేది. పక్కన దాణా మామ ఎర్రబడ్డ కళ్ళు తుడుచుకుంటూ కనిపించేవాడు. పాపం, ఎంత బెంగ పెట్టుకున్నాడో అని కెప్టెన్ గారి మనసు కరిగిపోయేది.

మధ్యలో చెల్లెలు ఇల్లు మారుతోందంటే సామాను మోయడానికి మామ రెండు రోజులు వెళ్ళాడు. ఆ రెండు రోజులూ దగ్గు లేదు. "వాడు లేడని అలిగి దగ్గడం కూడా మానేసింది చూడు," అని కెప్టెన్ గారు మురిసిపోయారు. మామ తిరిగొచ్చిన మర్నాడే మళ్ళీ మొదలు.

ఇక లాభం లేదని పశువుల డాక్టరమ్మను పిలిపించారు.

ఆవిడ బుల్లెమ్మ పక్కటెముకల మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. "ప్రస్తుతానికి ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయే!"

"మరి దగ్గు? నా చెవులారా విన్నానమ్మా!"

ఆవిడ శాలంతా ఒకసారి కలియజూసింది. "ఇలా వచ్చి కింద కూర్చోండి."

కెప్టెన్ గారు గొంతుకూర్చుని ముక్కు గడ్డి దగ్గర పెట్టారు. అంతే, కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు.

"మూత్రం ఘాటు. నేలనే అంటిపెట్టుకుని ఉంటుంది. దానికి తోడు ఎండుగడ్డి దుమ్మొకటి. ఎండాకాలం అన్నీ తీసే ఉంటాయి కాబట్టి గొడవ లేదు. చలికాలం ఇలా బిగించేస్తే ఎవరికైనా దగ్గొస్తుంది. గుర్రం చలికి ఆగుతుందండీ, దాని ఒంటి బొచ్చే దానికి కంబళి. ఈ గాలికి మాత్రం ఆగదు. ఇంతకీ ఈ గోనెలు కొట్టిన మహానుభావుడెవరు?"

కెప్టెన్ గారు మీసం సవరించుకున్నారు. "మా దాణా మామ," అన్నారు. సుత్తి పట్టింది అతనే గనక అబద్ధం కూడా కాదు.

డాక్టరమ్మ వెళ్ళగానే ఆయన బుర్ర చకచకా పనిచేసింది.

"నువ్వు లేనప్పుడు దగ్గు లేదు. నువ్వు రాగానే దగ్గు! దాన్నేం చేస్తున్నావయ్యా?"

"అది కాదయ్యా, ఆ దగ్గు..."

"దగ్గు సంగతి నువ్వు నాకు చెప్పకు! పదకొండేళ్ళు నిన్ను నెత్తిన పెట్టుకున్నాను. సాయంత్రానికల్లా పెట్టె సర్దుకో."

దాణా మామ బుల్లెమ్మ మెడ చుట్టూ చేతులేసి చాలాసేపు నిలబడ్డాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "గడ్డి తడిపి పెట్టించండయ్యా, దుమ్ము లేవదు," అన్నాడు.

ఆ సాయంత్రమే కెప్టెన్ గారు స్వయంగా గోనెలన్నీ పీకేశారు. నేల కడిగించి కొత్త గడ్డి పరిపించారు. కొత్తగా ఒక మనిషిని కూడా పెట్టుకున్నారు, పొద్దుగూకగానే ఇంటికి పోయేలా.

మర్నాడు తెల్లవారుజామున చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. దగ్గు లేదు. ఆ మర్నాడూ లేదు. ఆనందం పట్టలేక ఇంటావిడను తట్టి లేపారు.

"చూశావా? మనిషిని మార్చగానే రోగం మాయం!"

సరిగ్గా అప్పుడే, ఊరి అవతల చెల్లెలి కొత్తింట్లో, దాణా మామ పక్క మీద లేచి కూర్చుని, గుండె అదుముకుని దగ్గాడు: రెండు చిన్నవి, కాస్త ఆగి ఒక పెద్దది.