కాఫీ మానేసిన వీధి

"ఇవాళ కూడా టీయేనా?" వెండెల్ కప్పు పక్కకు నెట్టాడు.

"కాఫీ ధర దిగేదాకా వాషింగ్టన్‌లో మా ఆడవాళ్ళమెవ్వరం కొనం," అంది లొరేన్, టోస్టుకు వెన్న రాస్తూ.

"కాఫీ పండే చోట ఎప్పుడో దిగింది మహాతల్లీ! మీ పుణ్యమా అని బ్రెజిల్ పాత బాకీలు కట్టలేక, కొత్త అప్పుకోసం మా బ్యాంకు మెట్లెక్కింది."

"ఇవ్వొచ్చుగా?"

"ముందు పొదుపు నేర్చుకోమని పంపేద్దామంటాడు మా పెద్దాయన. ప్రమోషన్ వచ్చి, వేసవిలో మనం సముద్రానికి వెళ్ళాలంటే మీటింగులో నేనూ తలూపాలి."

"బాగుంది! కొనొద్దని ఇల్లిల్లూ తిరిగింది మేము. అమ్ముకోవడం చేతకాలేదని వాళ్ళకు బుద్ధి చెప్పేది మీరు. కాపురమంటే ఇలా కలిసిరావాలి!"

బల్ల దగ్గరున్న పిల్లలు నవ్వారు. వెండెల్ నవ్వలేదు. లేచి టోపీ పెట్టుకున్నాడు.

"ఈ వేసవి సముద్రానికి వెళ్ళడం లేదు," అన్నాడు మెల్లగా, అందరితో. "మీటింగులో నేను అప్పు ఇమ్మనే చెబుతున్నాను."