రోజుకు రెండు బిస్కెట్లు

"వారం నుంచీ నువ్వు రోజుకు రెండేసి తింటున్నవి మామూలు బిస్కెట్లు కావు," అన్నాడు భర్త, మోచెయ్యి గోక్కుంటూ. "మా కంపెనీ కొత్తగా తెచ్చిన గింజల పిండితో చేసినవి."

కూరగాయలు తరుగుతున్న భార్య చేతిలో కత్తి ఆగిపోయింది. పల్లీ పలుకు నోట్లో పడితే చాలు, ఆమెకు ఊపిరి అందదు.

"ఆ గింజలు పల్లీలకు చుట్టాలా?"

"కానే కావు! రెండింటి ప్రొటీన్లనూ కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టి పోల్చాను. పోలికే లేదు. పల్లీలు పడనివాళ్ళు కూడా నిక్షేపంగా తినొచ్చని రేపు రిపోర్టు మీద సంతకం పెట్టాలి. అందుకే ముందుగా..."

"నా మీద పరీక్ష పెట్టారా?"

అతను తల దించుకున్నాడు. తన ప్రోగ్రామంటే ప్రాణం పెట్టే మనిషి. పెట్టిన ప్రాణం తనది కాకపోవడమే వచ్చిన చిక్కు.

"ఒక్క పల్లీలతోనే పోల్చారా?"

"తినేవాటన్నిటితోనూ పోల్చాను. పుప్పొడి లాంటివి వదిలేశాను, ఎవరు తింటారని!" అంటూ గట్టిగా తుమ్మాడు. పూలు పూసే నెలల్లో పుప్పొడి పడక అతని చేతిలో రుమాలు ఉండాల్సిందే.

భార్య కత్తి పక్కన పెట్టి అతని వైపు తిరిగింది.

"నీకు ఊపిరి అందకపోతే వెంటనే పొడవడానికి సూది మందు జేబులో పెట్టుకునే తిరిగానే. నువ్వు దగ్గితే చాలు, గుండె జారిపోయేది. తప్పు చేశాను, సిగ్గుతో చచ్చిపోతున్నాను. నాలుగు రోజులుగా ముద్ద దిగట్లేదు. గొంతు పట్టేస్తోంది, ఒళ్ళంతా ఒకటే దురద. ఇదిగో, పెదవులు కూడా వాచాయి. నీకు చేసిన ద్రోహమే నన్ను పీక్కు తింటోంది. కానీ చూడు, నీకేం కాలేదు! నా లెక్క తప్పలేదు."

ఆమె అతని పెదవుల వంక చూసింది. ముఖం పాలిపోయింది.

"ఏవండీ, నేనూ ఒక తప్పు చేశాను."

"నువ్వా?"

"కొత్తదేదైనా తినాలంటే నాకు భయం కదా. మీరు ప్రేమగా తెచ్చారు, వద్దంటే నొచ్చుకుంటారని తిన్నట్టు అబద్ధం చెప్పాను."

"తినలేదా? మరి అన్నీ పారేశావా?"

"పారేయడానికి మనసొప్పక, పొడి చేసి రోజూ మీ పాలల్లో కలిపేశానండీ... ఆ సూది ఏ జేబులో ఉంది?"